పలక

యోరున్ నోట్‌బుక్‌లో ఎర్రసిరా నాదే.
పదకొండేళ్ళ పిల్ల రాసిన నాలుగు వాక్యాలకి
పందొమ్మిది సున్నాలు చుట్టాను.
బీ ఉండాల్సిన చోట డీ,
డీ ఉండాల్సిన చోట బీ,
అటు తిరిగిన పొట్ట ఒకటి, ఇటు తిరిగిన పొట్ట ఒకటి.
"చూసి రాయి" అన్నాను.
చూసే రాసింది పాపం.
ఆ సంగతి నాకు తెలియడానికి
ఒక పడవ కావలసి వచ్చింది.

హర్డాంగర్‌లో, కొండల కాళ్ళ సందుల్లోకి
సముద్రం సన్నగా దూరి వచ్చే చోట
వాళ్ళ తాత ఓస్మున్ పడవల కొట్టం.
నవంబరు. మూడింటికే చీకటి.
ఫిర్యాదు మోసుకుని వెళ్ళాను.
లోపల తారు వాసన, చెక్క పొట్టు,
వెన్నుకి రెండు పలకలు మాత్రం తగిలించిన పడవ.
పక్కటెముకలు ఇంకా రాలేదు.

పిల్ల గోడకి ఆనించిన పలక ముందు నిలబడి ఉంది.
కొలబద్ద లేదు, కాగితం లేదు.
మెడ కాస్త వంచి, ఒక కన్ను మూసి,
"కుడిదాన్ని మనసులో తిప్పి చూశాను తాతా,
ఎడమది వచ్చింది.
కానీ ఇది వద్దు. ఇక్కడ ముడి ఉంది,
మెలి తిప్పేటప్పుడు ఇక్కడే విరుగుతుంది."

విరగలేదింకా.
విరగబోయే చోటు చూసింది.

ముసలాయన మాట్లాడకుండా ఇంకో పలక తీశాడు.
నా సంచిలో నోట్‌బుక్ బరువెక్కింది.
బడి పలక మీద తప్పయినదే
పడవ పలక మీద పనితనం.
అటు పొట్ట, ఇటు పొట్ట,
బీ, డీ ఎదురెదురుగా కూర్చుంటే కదా
నీళ్ళ మీద నిలిచేది!

"కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయేగా టీచర్,
అక్షరానికి మాత్రం పేరెందుకు మారుతుంది?"
ఇరవయ్యారేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను.
జవాబు లేదు నా దగ్గర.

"నాకూ ఇంతే," అన్నాడు ఓస్మున్, ఉలి తుడుచుకుంటూ.
"బళ్ళో పొయ్యి పక్కన కూర్చోబెట్టి
కట్టెలు వేయించేవారు. మొద్దు అన్నారు.
మొద్దులోనే పడవ ఉంటుందని
వాళ్ళకెవరు చెబుతారు?"

మరుసటి వారం నుంచి మంగళవారం పాఠం కొట్టంలోనే.
పైన్ చెక్కలో అరచేయంత అక్షరాలు కోశాం.
కళ్ళు మూసుకుని తడిమి చెప్పింది:
బీకి ముందు వీపు, ఆనక పొట్ట.
డీకి ముందు పొట్ట, ఆనక వీపు.
కథలు చెవితో చదివింది,
నేను మరిచిన మలుపులు నాకే గుర్తు చేసింది.
పరీక్షకి అరగంట అదనంగా ఇమ్మని అడిగాను.
హెడ్‌మాస్టర్ మూతి విరిచాడు.
మళ్ళీ అడిగాను.
ఎర్ర పెన్ను ఇప్పుడు కోత గీతలకి పనికొస్తోంది.

అద్భుతాలేం జరగలేదు.
ఎదురుగాలిలో తెడ్డు వేసినట్టు
ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది.
ఒక్కోరోజు పుస్తకం గోడకేసి కొడుతుంది.
ఆ రోజు మేమిద్దరం చెక్క పొట్టు ఊడుస్తాం, అంతే.

మే నెలలో పడవ సిద్ధమైంది.
పోయిన అవ్వ పేరు పెట్టారు, బోర్గిల్డ్.
ముందు బీ, చివర డీ.
పెద్దక్షరం వద్దంది యోరున్,
రెండూ చిన్నవే కావాలంది,
ఒకదాన్నొకటి చూసుకోవాలట.
తనే చెక్కింది, మూడు రోజులు.

నడుమ రెండక్షరాలు తారుమారయ్యాయి.
నా చెయ్యి జేబులో పెన్ను దాకా వెళ్ళింది.
"ఉండనీ," అన్నాడు ఓస్మున్,
"పిలిచింది తననేనని ఆవిడకి తెలుసు."

దుంగల మీద దొర్లించి వదిలాం.
చల్లటి నీళ్ళు రెండు వైపులా
సమానంగా ఎక్కి వచ్చాయి.
పడవ ఎటూ ఒరగలేదు.